వసంత వలసకాలంలో పక్షుల పద్దు: ఏ పద్ధతి ఎవరికి తగినది?

పక్షులను గమనించే అలవాటు కాస్త కుదురుకోగానే చాలామందికి ఒక ప్రశ్న ఎదురవుతుంది: చూసినదంతా ఎక్కడ, ఏ పద్ధతిలో రాసిపెట్టుకోవాలి? జేబులో ఇమిడే నోట్‌బుక్కు చాలునని కొందరంటారు. చేతిలో ఫోను, ఫోనులో పక్షులను నమోదు చేసే ఈబర్డ్ యాప్ ఉండగా కాగితంతో పనేమిటని మరికొందరంటారు. కంప్యూటర్‌లో సొంత పట్టిక వేసుకుని ఏళ్లతరబడి నింపుకొంటూ వస్తున్నవారూ, తీసిన ఫొటోలే తమ జాబితా అనుకునేవారూ ఉన్నారు. మిగతా నెలల్లో ఎలా రాసుకున్నా పెద్దగా నష్టం లేదు గాని, ఫిబ్రవరి మధ్య నుంచి మే దాకా సాగే వసంత వలసకాలంలో మాత్రం రాసే పద్ధతిని బట్టి జాబితా విలువ మారిపోతుంది. అందుకే ఈ పోలికను ఆ మూడు నాలుగు నెలలకే పరిమితం చేస్తున్నాను.

ఇంగ్లిష్‌లో దొరికే సలహాలలో ఎక్కువ భాగం అమెరికా, బ్రిటన్ వంటి దేశాలవారి కోసం రాసినవి. అక్కడ వసంతమంటే పక్షులు వచ్చే కాలం; ఫలానా పిట్ట ఈ ఏడాది మొదట ఏ తేదీన కనిపించిందన్నదే అక్కడి జాబితాకు ప్రాణం. తెలుగు నేల మీద సంగతి తలకిందులు. చలికాలమంతా మన చెరువుల్లో గడిపిన పిన్‌టెయిల్, షోవెలర్, గార్గనీ బాతులు, తల మీద రెండు నల్లచారలుండే బార్‌హెడెడ్ బాతులు, బురదలో తిరిగే శాండ్‌పైపర్లు, పొలాల్లోని పసుపు వాగ్‌టెయిళ్లు, జొన్నచేల మీద గుంపులుగా వాలే రోజీ స్టార్లింగ్‌లు, తుమ్మచెట్లలో నక్కి ఉండే వార్బ్లర్లు ఒక్కొక్కటిగా ఉత్తరానికి తరలిపోయే కాలమిది. కొత్తగా వచ్చినది కళ్లముందు ఉంటుంది గనుక దాన్ని గుర్తించడం తేలిక. వెళ్లిపోయినదాన్ని గుర్తించడమే కష్టం. చివరిసారి చూస్తున్నప్పుడు అదే చివరిసారని ఎవరికీ తెలియదు. కాబట్టి మన వసంతపు జాబితా ఏమేమి కనిపించాయో చెబితే చాలదు, వెతికినా ఏవి కనిపించలేదో కూడా చెప్పగలగాలి. ఎంపికలో నేను అన్నిటికంటే ముందు చూసేది ఈ ఒక్క సంగతినే.

## ఎంపికకు ముందు చూడవలసినవి

వారానికి ఒకసారి ఒకే చెరువుకు వెళ్లేవారిని తీసుకుందాం. మార్చి 16న పిన్‌టెయిళ్లు కనిపించి, 23న కనిపించలేదనుకుంటే, అవి వెళ్లిన తేదీ 16 కాదు. ఆ రెండు తేదీల మధ్య ఏదో ఒక రోజు. రెండో తేదీ రాసిపెట్టుకోని జాబితాను మరుసటి ఏడాది తిరగేస్తే, 16 తర్వాత అసలు చెరువుకే వెళ్లలేదా, వెళ్లినా పక్షులు లేవా అన్నది తేలదు. కాబట్టి ఎంచుకునే పద్ధతి ఏదైనా, వెళ్లి చూసిన ప్రతి రోజునూ, ఆ రోజు లేని పక్షులనూ దాచిపెట్టగలగాలి.

రెండో అంశం సంఖ్య. చాలామంది జాబితాల్లో పక్షి పేరు ఎదురుగా ఒక టిక్కు మాత్రమే ఉంటుంది. చలికాలంలో దానితో సరిపోతుంది గాని వలసకాలంలో అది తప్పుదోవ పట్టిస్తుంది. మార్చి మొదట్లో మూడు వందలున్న గార్గనీలు ఏప్రిల్ చివరికి రెండుకు దిగితే, ఆ రెండింటి పక్కన పెట్టిన టిక్కు మార్చి టిక్కుతో సమానంగానే కనిపిస్తుంది. ఆఖరుకు మిగిలినది గాయపడి ఎగరలేని పక్షి కూడా కావచ్చు. తీరప్రాంతంలో ఈ చిక్కు మరీ ఎక్కువ: పులికాట్ సరస్సులోనూ, కాకినాడ దగ్గరి కోరింగ మడఅడవుల ఒడ్డునా చలికాలం గడిపే కర్ల్యూలు, ప్లోవర్ల వంటి నీటి ఒడ్డు పక్షులలో ఇంకా ఈడేరని ఏడాది పిల్లలు కొన్ని వేసవిలోనూ ఉత్తరానికి పోకుండా ఇక్కడే ఉండిపోతాయి. అలాంటి చోట చివరి తేదీకి అర్థమే లేదు. గుంపు సగానికి తగ్గిన వారమేదో తెలిస్తేనే వలస తెలుస్తుంది. అది తెలియాలంటే అంకెలు కావాలి.

మూడోది, ఎంతసేపు చూశాం, ఎంత దూరం నడిచాం, ఏ వేళ, నీళ్లు ఎంత ఉన్నాయి అన్న వివరం. తెలంగాణ, రాయలసీమ చెరువుల్లో మార్చి, ఏప్రిల్ నాటికి నీటిమట్టం పడిపోయి శిఖం భూమి, అంటే చెరువు అడుగు నేల, బయటపడుతుంది. అప్పుడు శాండ్‌పైపర్లు పెరుగుతాయి, బాతులు తగ్గుతాయి. పూర్తిగా ఎండితే అన్నీ పోతాయి. బాతులు వలస వెళ్లాయా, పక్క చెరువుకు మారాయా అన్నది నీటి సంగతి రాసుకోని జాబితా ఎప్పటికీ చెప్పలేదు. కోయిల ఇంకో ఉదాహరణ. ఏడాది పొడవునా మన ఊళ్లోనే ఉండి, చలికాలంలో గొంతు విప్పని ఈ పక్షి ఫిబ్రవరి, మార్చిలలో కూయడం మొదలుపెట్టగానే, చూశామో విన్నామో వేరుచేయని జాబితాలో అది కొత్తగా వచ్చిన వలసపక్షిలా నమోదవుతుంది.

మిగిలినవి క్లుప్తంగా చెప్పుకోవచ్చు. రాయడానికి పట్టే సమయం పక్షిని చూసే సమయాన్ని తినేయకూడదు. పదేళ్ల తర్వాత కూడా జాబితా తెరుచుకోవాలి, వెతికితే దొరకాలి. గూళ్లూ, వేటకు గురయ్యే పక్షులూ ఉన్న చోట్లు ఊరందరికీ తెలిసిపోకుండా ఉండాలి. గుర్తింపులో తప్పు చేస్తే చెప్పే మరో కన్ను ఉంటే మంచిది.

## నోట్‌బుక్కు

కాగితానికి బ్యాటరీ అయిపోదు, ఎండలో తెర కనిపించకపోవడం ఉండదు, ఏమి రాయాలో ఏ గడీ నిర్దేశించదు. ఈ మూడో గుణమే వలసకాలంలో బాగా అక్కరకొస్తుంది. మార్చి, ఏప్రిల్ నెలల్లో వెళ్లబోయే పక్షులు ఈకలు మార్చుకుంటాయి: బూడిద రంగులో ఉన్న నీటి ఒడ్డు పక్షి బ్లాక్‌టెయిల్డ్ గాడ్‌విట్ మెడా రొమ్మూ ఇటుక రంగుకు తిరుగుతాయి, చలికాలమంతా ఒకేలా కనిపించిన పసుపు వాగ్‌టెయిళ్లలో ఒకదానికి తల నల్లగా, ఒకదానికి బూడిదగా, మరొకదానికి కంటిపైన తెల్లని గీతతో తేడా తేలి, ఏ ఉపజాతి ఏదో అప్పుడే చెప్పగలుగుతాం. ఇలాంటివాటిని చూసిన చోటనే రెండు గీతలతో బొమ్మ వేసి, పక్కన నాలుగు మాటలు రాసుకోవడం కాగితం మీద సాగినంత సులువుగా ఫోనులో సాగదు.

నోట్‌బుక్కును ఎంచుకునేవారు ప్రతి రోజూ ఒకే క్రమంలో రాయడం మంచిది. ఒక నమూనా ఇలా ఉండవచ్చు:

*ఏప్రిల్ 6. ఉదయం 6:10 నుంచి 7:05. తూము దగ్గర నుంచి అలుగు దాకా కట్ట మీద నడక. గాలి లేదు. నీళ్లు సగానికి తక్కువ, పడమటి వైపు బురద. గార్గనీ 40 (పదేసి చొప్పున లెక్క). షోవెలర్ 6. పిన్‌టెయిల్ 0, పోయిన వారమూ 0. వుడ్ శాండ్‌పైపర్ 22. గాడ్‌విట్ 9, అందులో 4 ఎర్రబడ్డాయి. బ్లిత్స్ రీడ్ వార్బ్లర్, వినడమే, 2.*

ఇందులో అన్నిటికంటే విలువైనది పిన్‌టెయిల్ పక్కనున్న సున్నా. ఇబ్బందేమిటంటే, కాగితం మీద ఆ సున్నాను ఎవరూ గుర్తుచేయరు. మొదటి పేజీలో తాము చూసే చోటికి వచ్చే పదిహేను ఇరవై వలసపక్షుల పేర్లు రాసుకుని, ప్రతిసారీ ఆ వరుసను చదివి, లేనివాటికి సున్నా వేసేంత ఓపిక ఉన్నవారికే ఈ పద్ధతి వలసకాలంలో పనికివస్తుంది. జెల్ పెన్ను కంటే పెన్సిల్ నయం; ఏప్రిల్‌లో ఏడున్నరకే అరచేయి చెమటతో తడిసి సిరా పాకుతుంది.

కాగితం లోపం వెతుకులాటలో బయటపడుతుంది. నాలుగేళ్ల నోట్‌బుక్కుల నుంచి గార్గనీల చివరి తేదీలు తీయాలంటే ఒక సాయంత్రమంతా పడుతుంది. పక్షుల పేర్లలోనూ గందరగోళం తప్పదు. ఒకే పిట్టకు జిల్లాకో పేరు ఉంది, ఒకే పేరు రెండు మూడు పిట్టలకూ ఉంది. తెలుగు పేరే రాసుకోండి గాని, ఆ పేరుతో మీరు ఉద్దేశించిన పక్షి ఏదో చివరి పేజీలో ఒక్కసారి ఖరారు చేసి ఉంచండి.

## ఈబర్డ్

కార్నెల్ పక్షిశాస్త్ర ప్రయోగశాల, జాతీయ ఆడుబన్ సొసైటీ కలిసి 2002లో మొదలుపెట్టిన ఈబర్డ్‌ను ఇప్పుడు మన దేశంలోనూ విరివిగా వాడుతున్నారు. 2023లో వెలువడిన భారత పక్షుల స్థితిగతుల నివేదిక 942 జాతుల స్థితిని అంచనా వేసింది. అందుకు వాడిన మూడు కోట్లకు పైగా నమోదులు మనలాంటి మామూలు వీక్షకులు ఈబర్డ్‌లో రాసిపెట్టినవే. అంతకుముందు, 2007లో, మన దేశంలో మైగ్రెంట్‌వాచ్ అనే కార్యక్రమం వలసపక్షులను మొదట, చివర చూసిన తేదీలను ప్రజల నుంచి సేకరించడం ప్రారంభించింది. తర్వాత ఆ నమోదు పని కూడా ఈబర్డ్‌కే మారింది.

వలసకాలానికి దీనిలో ఉన్న అసలు బలం ఒక చిన్న ప్రశ్నలో ఉంది. చెక్‌లిస్ట్ పంపే ముందు, మీరు గుర్తించగలిగిన పక్షులన్నిటినీ ఇందులో రాశారా అని యాప్ అడుగుతుంది. అవునన్నారంటే అది పూర్తి చెక్‌లిస్ట్. అందులో లేని పక్షి ఆ గంటలో మీకు కనిపించలేదనీ, వినిపించలేదనీ అర్థం. నోట్‌బుక్కులో మనం పనిగట్టుకుని వేయవలసిన సున్నాలన్నీ ఇక్కడ ఒక్క జవాబుతో పడిపోతాయి. మొదలుపెట్టిన వేళ, గడిచిన నిమిషాలు, నడిచిన దూరం యాప్ తనంతట తానే లెక్కగడుతుంది. 30 మీటర్లు దాటకుండా ఒకచోటే నిలబడి చూస్తే ఒక రకంగా, నడుస్తూ చూస్తే మరో రకంగా నమోదు చేయాలి. దారిలో యథాలాపంగా కనబడిన పక్షిని వేరే రకంలో వేయాలి. దాన్ని పూర్తి చెక్‌లిస్ట్ అనకూడదు. ప్రాంతపు జాబితాను ముందుగా దించుకుని ఉంచితే సిగ్నల్ లేని చోట కూడా యాప్ పనిచేస్తుంది.

సంఖ్య దగ్గరే చాలామంది జారిపోతారు. లెక్క తెలియనప్పుడు ఎక్స్ అని వేసే వెసులుబాటు ఉంది, అలవాటైతే అన్నిటికీ అదే పడుతుంది. ఎక్స్‌లతో నిండిన వసంతపు చెక్‌లిస్ట్ నా దృష్టిలో సగం పనే. గుంపు పెద్దదైతే అందులో పది పక్షులు ఎంత జాగా తీసుకుంటున్నాయో కంటితో కొలిచి, అలాంటి ముక్కలు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. మూడు వందలకు రెండు వందల ఎనభై అని వచ్చినా, ఎక్స్ కంటే అది వెయ్యి రెట్లు నయం.

ఇందులో మరో కన్ను కూడా ఉంది. ఆ ప్రాంతానికీ ఆ నెలకూ పొంతన లేని పక్షినో, మరీ పెద్ద అంకెనో వేస్తే యాప్ అక్కడికక్కడే ఆపి అడుగుతుంది. నమోదులను సరిచూసే ఆ ప్రాంతపు పరిశీలకులు కూడా తర్వాత వివరం కోరవచ్చు. మే నెలలో పిన్‌టెయిల్ చూశామంటే ఈ ప్రశ్న తప్పదు. కొత్తవారు దీన్ని అవమానంగా తీసుకుంటారు గాని, ఆలస్యంగా మిగిలిన పక్షి వివరాలు అడిగించుకునైనా రాయడం మన జాబితాకే మేలు: రెక్క వేలాడుతోందా, ఒంటరిగా ఉందా, ఫొటో ఉందా అన్న రెండు వాక్యాలు చాలు.

ఈబర్డ్‌తో ఇబ్బందులు లేకపోలేదు. చూసే ధ్యాస తెర మీదికి మళ్లుతుంది. నీటిమట్టం, ఈకల రంగు, ఉపజాతి అనుమానాలు వ్యాఖ్యల గడిలో రాయవచ్చు గాని తర్వాత వాటిని వెతకడం కాగితంలో వెతికినంత కష్టమే. నా లెక్కలో అన్నిటికంటే పెద్ద ప్రమాదం ఇంకొకటి: మొత్తం జాతుల సంఖ్యను, జిల్లాలో మన స్థానాన్ని అది ఎప్పుడూ కళ్లముందు ఉంచుతుంది. ఆ పోటీలో పడినవారు వలసకాలంలో తమ చెరువును వదిలి, ఈ వారం అమీన్‌పూర్, వచ్చే వారం మంజీర, ఆపై అనంతగిరి అని అరుదైన పక్షి వెంట తిరుగుతారు. ఏడాది చివర వారి అంకె పెద్దదవుతుంది. ఏ ఒక్క చోట ఏ పక్షి ఎప్పుడు వెళ్లిందో మాత్రం వారి జాబితాలో ఉండదు.

గోప్యత విషయంలో, వేటకూ అక్రమ వ్యాపారానికీ గురయ్యే కొన్ని జాతుల స్థలాన్ని ఈబర్డ్ తానే దాస్తుంది. మిగతావాటి గూళ్ల విషయంలో, పిల్లలు ఎగిరిపోయాక చెక్‌లిస్ట్ పంపడం మన బాధ్యత. పేరు కనబడకుండా ఉండే ఏర్పాటు కూడా ఉంది.

## సొంత స్ప్రెడ్‌షీట్

పాత వ్యాపారులు రోజువారీ చిట్టా ఒకటి, దాని నుంచి తేల్చిన ఆవర్జా ఒకటి వేరువేరుగా ఉంచేవారు. నోట్‌బుక్కు, ఈబర్డ్ చిట్టాలైతే స్ప్రెడ్‌షీట్ ఆవర్జా వంటిది. నిలువునా పక్షుల పేర్లు, అడ్డంగా ఫిబ్రవరి మొదటి వారం నుంచి మే చివరి వారం దాకా వారాలు వేసుకుంటే, వలస మొత్తం ఒక్క చూపులో కనిపిస్తుంది: మొదట పిన్‌టెయిళ్ల వరుస సున్నాకు దిగుతుంది, గార్గనీల వరుస ఇంకా సాగుతుంది, మే నెల గడిలో వలస దారిలో ఆగిన పొన్నంగి పిట్ట ఒంటరి అంకెగా తేలుతుంది. మరో రెండు మూడు నిలువు గడులు పెంచితే జూన్‌లో వానలతోపాటు వచ్చే చాతక పక్షికి కూడా చోటుంటుంది.

దీనికి ఒకటే కఠిన నియమం. ఆ వారం వెళ్లకపోతే గడి ఖాళీగా ఉండాలి. వెళ్లినా కనిపించకపోతే సున్నా ఉండాలి. ఈ రెండింటినీ కలిపేస్తే పట్టిక మొత్తం వృథా. అన్నిటికంటే పైన మరో మూడు అడ్డు వరుసలు పెట్టుకోండి: చూసిన నిమిషాలు, నీటిమట్టం, వాతావరణం. నీటిమట్టానికి కొలత లేకపోతే నిండు, ముప్పావు, సగం, పావు, ఎండింది అన్న ఐదు మాటలు చాలు.

తాళం మన చేతిలోనే ఉండడం స్ప్రెడ్‌షీట్‌కున్న పెద్ద సుగుణం. గడుల పేర్లు తెలుగులో పెట్టుకోవచ్చు, ఎవరికీ చూపనక్కరలేదు, ఏ సంస్థ మూతబడినా పోదు. అయితే పొలం గట్టు మీద నిలబడి ఫోనులో గడులు నింపడం నరకం. ఇంటికొచ్చి ఎక్కించడమంటే రెండో పని, ఆ రెండో పనే మూడో వారానికి ఆగిపోతుంది. తప్పు గుర్తింపును పట్టుకునేవారూ ఉండరు. శాస్త్రజ్ఞులు ఒక జాతిని రెండుగా విడదీసినప్పుడు ఈబర్డ్ మన పాత జాబితాను చాలావరకు తానే సరిచేస్తుంది. పశువుల వెంట తిరిగే తెల్ల కొంగను తూర్పు, పడమర జాతులుగా విడదీసినప్పుడు జరిగినదదే. సొంత పట్టికలో అది మనమే చేసుకోవాలి.

## ఐనాచురలిస్ట్, మెర్లిన్, వాట్సాప్

కెమెరా పట్టుకుని తిరిగేవారికి ఐనాచురలిస్ట్ సహజంగా నచ్చుతుంది. ఒక్కో ఫొటో ఒక్కో నమోదు. ఇతరులు చూసి పేరు ఖాయం చేస్తారు, మూడింట రెండు వంతులకు పైగా ఏకీభవిస్తే ఆ నమోదు స్థాయి పెరుగుతుంది. వాగ్‌టెయిళ్ల ఉపజాతులు, ఒకదానికొకటి దగ్గరగా ఉండే వార్బ్లర్లు, పిల్ల గద్దల వంటి చిక్కుల్లో దీనికి సాటి లేదు. పక్షులతోపాటు సీతాకోకచిలుకలూ మొక్కలూ కూడా అదే ఖాతాలో పడతాయి. అయితే లేని పక్షిని ఫొటో తీయలేం. కనిపించలేదన్న సమాచారానికి ఇందులో చోటు లేదు, ఎంతసేపు వెతికామన్నదీ ఉండదు. కాబట్టి వలసకాలంలో దీన్ని తోడుగా వాడుకోవాలే తప్ప ప్రధాన జాబితాగా కాదు.

మెర్లిన్ గుర్తింపుకు సాయపడే యాప్. దాన్ని జాబితా అనుకోవడం పొరపాటు. 2021లో చేరిన ధ్వని గుర్తింపు సదుపాయం వార్బ్లర్ల కాలంలో ఎంతో ఉపకరిస్తుంది, కానీ తెర మీద వెలిగిన ప్రతి పేరునూ చూసినట్టు రాసుకోకూడదు. ఇతర పక్షుల గొంతులను అనుకరించే రాకెట్‌తోక డ్రాంగో ఉన్న అడవిలో అది చూపే పేర్లను మరీ జాగ్రత్తగా తీసుకోవాలి. పేరు వెలిగాక ఆ గొంతును మన చెవితో విని, వీలైతే పక్షిని చూసి, అప్పుడు రాసుకోండి.

వాట్సాప్ గుంపులో ఉదయం పూట పెట్టే జాబితాల గురించి ఒక్క మాట చాలు: అవి సంతోషం పంచుకోవడానికి బాగుంటాయి, నెల తిరిగేసరికి గుడ్‌మార్నింగ్‌ల కింద సమాధి అవుతాయి.

## పక్కపక్కన పెట్టి చూస్తే

| చూడవలసిన అంశం | నోట్‌బుక్కు | ఈబర్డ్ | స్ప్రెడ్‌షీట్ | ఐనాచురలిస్ట్ |
|---|---|---|---|---|
| కనిపించలేదన్న సమాచారం | సున్నా వేస్తేనే ఉంటుంది | పూర్తి చెక్‌లిస్ట్ అయితే దానంతటదే | ఖాళీకీ సున్నాకూ తేడా పాటిస్తే | వీలులేదు |
| సంఖ్య | మన ఓపికను బట్టి | సులువు, ఎక్స్ అలవాటు కాకపోతే | చాలా బాగు | నామమాత్రం |
| సమయం, దూరం | మనమే రాయాలి | యాప్ రాస్తుంది | మనమే రాయాలి | ఉండదు |
| నీటిమట్టం, ఈకల మార్పు, బొమ్మ | అన్నిటికంటే మేలు | వ్యాఖ్యలలో, వెతకడం కష్టం | నీటికి బాగు, బొమ్మకు కాదు | ఈకల మార్పుకు ఫొటోనే సాక్ష్యం |
| బయట రాసే వేగం | మధ్యస్థం | వేగం | బాగా నెమ్మది | నెమ్మది |
| తప్పును చెప్పే మరో కన్ను | లేదు | ఉంది | లేదు | ఉంది |
| ఏళ్ల తర్వాత వెతకడం | కష్టం | సులువు, మొత్తం దించుకోవచ్చు | చాలా సులువు | సులువు |
| గోప్యత | పూర్తిగా మనది | కొంత | పూర్తిగా మనది | కొంత, స్థలాన్ని మసకబరచవచ్చు |

## ఎవరికి ఏది

ఇంటికి దగ్గర్లో ఒక చెరువో, పార్కో ఉండి, వారానికి ఒకసారైనా అక్కడికే వెళ్లగలిగినవారు ఈబర్డ్‌లో పూర్తి చెక్‌లిస్టులు, జేబులో చిన్న నోట్‌బుక్కు అన్న జంటను ఎంచుకోవడం మంచిదని నా అభిప్రాయం. అంకెలు, సమయం ఫోనులో. నీటి సంగతి, ఈకల బొమ్మ కాగితంలో. ప్రతిసారీ ఒకే దారి, వీలైనంతవరకు ఒకే వేళ. ఏప్రిల్ మధ్య తర్వాత ఎనిమిది దాటితే పక్షులూ నీడకు చేరతాయి, మనుషులూ చేరాలి. అందువల్ల సూర్యోదయపు తొలి గంటను ఖాయం చేసుకోవడమే నయం.

తెర మీద చిన్న అక్షరాలు ఇబ్బందిపెట్టే పెద్దలకు ఫోను నేర్చుకోమని చెప్పడం అనవసరం. పైన చెప్పిన నమూనాలో నోట్‌బుక్కు రాస్తే చాలు. ఇంట్లో పిల్లలెవరైనా నెలకొకసారి ఆ పేజీలను స్ప్రెడ్‌షీట్‌లోకి ఎక్కించగలిగితే ఇద్దరి పనీ నిలుస్తుంది. బడిలో పక్షుల జాబితా పెట్టాలనుకునే ఉపాధ్యాయులకు కూడా కాగితమే సరైనది: గోడ మీద పెద్ద చార్టు, అడ్డంగా వారాలు, నిలువునా పది పక్షులు, వెతికి చూడకుండా సున్నా వేయకూడదన్న ఒక్క నియమం. ఫిబ్రవరిలో నాలుగు రోజులపాటు జరిగే పక్షుల లెక్కింపైన గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్‌కు వీక్షకుల సంఘాలూ కళాశాలలూ చేరుతుంటాయి. చార్టుకు అదే మంచి ప్రారంభ వారం అవుతుంది.

ఫొటోగ్రాఫర్లకు ఒక కష్టమైన సలహా ఉంది. మొదటి అరగంట కెమెరా తీయకుండా పూర్తి చెక్‌లిస్ట్ ముగించి, ఆ తర్వాత ఫొటోలకు దిగండి. రెండూ కలిపి చేస్తే మంచి ఫొటో దొరికిన పక్షి పెద్ద అంకెగానూ, దూరాన ఉన్న బాతుల గుంపు అసలు లేనట్టుగానూ జాబితాలో చేరతాయి.

ఒకే చోటుకు కట్టుబడలేక, సెలవుల్లో కొల్లేరుకో, నేలపట్టుకో, ఉప్పలపాడుకో వెళ్లేవారు చివరి తేదీల మీద ఆశ పెట్టుకోకపోవడమే మేలు. వారికి జీవితకాలపు జాబితా, ఏడాది జాబితా ఎక్కువ ఆనందాన్నిస్తాయి. వాటికి ఈబర్డ్ ఒక్కటే సరిపోతుంది. వారి ఒక్కరోజు పూర్తి చెక్‌లిస్ట్ కూడా ఆ చోటు లెక్కలో చేరుతుంది గనుక అది వృథా కాదు.

అమెరికాలో ఉంటున్న తెలుగువారి సంగతి వేరు. అక్కడ వసంతం నిజంగానే రాకడల కాలం, అదీ కొద్ది వారాల్లో ముగిసిపోయే హడావుడి. హ్యూస్టన్, డాలస్ ప్రాంతాలవారికి ఏప్రిల్‌లో టెక్సాస్ తీరంలోని హై ఐలాండ్, ఒహాయోవారికి మే మొదటి పక్షంలో ఈరీ సరస్సు ఒడ్డునున్న మేగీ మార్ష్, న్యూజెర్సీవారికి కేప్ మే, న్యూయార్క్‌వారికి సెంట్రల్ పార్కు అందుబాటులో ఉంటాయి. ఒకే గంటలో పదిహేను రకాల వార్బ్లర్లు కనిపించే చోట రాసే వేగమే మొదటి అంశం అవుతుంది, అక్కడ ఈబర్డ్ యాప్‌కు పోటీ లేదు. చిన్న పిట్టలు ఎక్కువగా రాత్రిపూట ప్రయాణిస్తాయి కాబట్టి, రాడార్ ఆధారంగా వలస తీవ్రతను ముందుగా చెప్పే బర్డ్‌కాస్ట్‌ను రాత్రి చూసుకుని, తెల్లవారి వెళ్లాలో వద్దో నిర్ణయించుకోవచ్చు. మార్చి 1 నుంచి జూన్ 15 దాకా వసంత సూచనలు అందులో ఉంటాయి. అక్కడ కూడా మొదట కనిపించిన తేదీకి ముందు కనిపించని రోజు ఏదో తెలిస్తేనే ఆ తేదీకి విలువ. అందుకు పూర్తి చెక్‌లిస్టే దారి. బ్రిటన్‌లో ఉన్నవారికి బ్రిటిష్ ట్రస్ట్ ఫర్ ఆర్నిథాలజీ (బీటీఓ) అనే పక్షుల సంస్థ నడిపే బర్డ్‌ట్రాక్‌లోనూ పూర్తి జాబితా పద్ధతి ఉంది.

## ఒక పద్ధతి నుంచి మరొకదానికి మారాలంటే

సీజను మధ్యలో మారకండి. మార్చి కాగితంలో, ఏప్రిల్ యాప్‌లో ఉంటే రెండు నెలల అంకెలను పోల్చడం కుదరదు. మే దాకా పాతదే సాగించి, వానాకాలంలో తీరిగ్గా మారండి. పాత నోట్‌బుక్కులను ఈబర్డ్‌లోకి ఎక్కించదలచినవారు తేదీ, స్థలం కచ్చితంగా తెలిసినవాటినే ఎక్కించాలి. వేళ, దూరం తెలియకపోతే హిస్టారికల్ అనే రకాన్ని ఎంచుకోవాలి. ఆ రోజు చూసినవన్నీ రాశారో లేదో గుర్తులేనప్పుడు పూర్తి జాబితానా అన్న ప్రశ్నకు కాదనే చెప్పాలి. అవునంటే, రాయడం మరిచిన పక్షులన్నీ ఆ చెరువులో లేనట్టే లెక్కలోకి వెళ్తాయి. ఈబర్డ్ నుంచి స్ప్రెడ్‌షీట్‌కు రావడం మాత్రం తేలిక: ఖాతాలోని సమాచారమంతా ఒకే ఫైలుగా దించుకుని, మీ చెరువు వరుసలను మాత్రం వేరుచేసి, వారాలవారీ పట్టిక వేసుకోవచ్చు. ఏటా జూన్‌లో ఒకసారి ఆ పని పెట్టుకుంటే, వచ్చే ఫిబ్రవరికి మీ చెరువు మీద ఏ పక్షి కోసం ఏ వారం నుంచి జాగ్రత్తగా చూడాలో ఆ పట్టికే చెబుతుంది.